రాజే అపహర్త అయినప్పుడు: హాంబుర్గ్ వార్బుర్గ్ బ్యాంకు చరిత్రలో న్యాసధర్మ విచారం

ధర్మశాస్త్రకారులు వ్యవహార పదాలను పద్దెనిమిదిగా విభజించారు. మనుస్మృతి క్రమంలో ఋణాదానం మొదటిది, నిక్షేపం రెండవది, అస్వామివిక్రయం మూడవది. అప్పు, దాచుకోవడానికి ఇచ్చిన సొమ్ము, సొంతదారు కానివాడు చేసిన అమ్మకం అన్నవి ఈ మూడింటి విషయాలు. ఒకరి సొమ్ము మరొకరి చేతిలో ఉండటమనే స్థితి నుంచే ఈ మూడు వివాదాలూ పుడతాయి. యాజ్ఞవల్క్యస్మృతి ఉపనిధి ప్రకరణంలో ఈ స్థితికి సంబంధించి ఒక మినహాయింపు కనిపిస్తుంది. దాచిన సొమ్మును రాజు గాని, దైవం గాని, దొంగలు గాని అపహరిస్తే దాచినవాడు దానిని తిరిగి చెల్లించనక్కరలేదు. అయితే ఆ వెంటనే ఒక షరతు కూడా ఉంది. సొంతదారు అడిగిన తరువాత కూడా ఇవ్వకుండా ఉన్నప్పుడు ఆ సొమ్ము నశిస్తే, దాచినవాడు దానితో సమానమైన దండుగతో సహా చెల్లించవలసిందే. విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెనిగించడంతో ఈ వ్యవహార పరిభాష తెలుగు సాహిత్య పరంపరలో కూడా భాగమయింది.

ఈ విధిలో రాజు, దొంగ ఒకే వరుసలో నిలవడం గమనార్హం. స్మృతికారుల దృష్టిలో దొంగలు దోచిన ధనాన్ని సొంతదారుకు ఇప్పించవలసినవాడు రాజు. ఆ ధనాన్ని తానే అనుభవించిన రాజుకు దొంగ పాపం అంటుతుందని మనువు హెచ్చరించాడు. అంటే రాజు అపహర్త కావచ్చునన్న సంగతి వారికి తెలుసు. కాని వారు దానిని ఒక ఆపదగా, వరద వంటి ఒక సంఘటనగా మాత్రమే భావించారు. అపహరణే పాలనావిధానమై, చట్టం రూపంలో ఏళ్ల తరబడి సాగినప్పుడు దాచినవాని ధర్మం ఏమిటి? అతడు తన ఇల్లు మూసి వెళ్లిపోవాలా, ఉండి కాపాడగలిగినంత కాపాడాలా? ఉండటం కోసం అపహర్తతో చేసే సర్దుబాటు ఏ మేరకు ధర్మం, ఏ మేర దాటితే అధర్మం? జర్మనీలో నాజీ నియంతృత్వం కింద ఎం. ఎం. వార్బుర్గ్ అండ్ కో అనే కుటుంబ బ్యాంకు గడిపిన సంవత్సరాలు ఈ ప్రశ్నల పరిశీలనకు తగిన ఆధారం.

పరపతి అనే ఆస్తి

హాంబుర్గ్ నగరంలో 1798లో మోసెస్ మార్కస్ వార్బుర్గ్, గెర్సన్ వార్బుర్గ్ అనే సోదరులు ఈ బ్యాంకును స్థాపించారు. తరతరాలుగా భాగస్వామ్యం కుటుంబంలోనే సాగింది. వాటాలు అమ్మి మూలధనం కూడబెట్టే పెద్ద బ్యాంకులకూ, ఇటువంటి ప్రైవేటు బ్యాంకులకూ ఒక మౌలికభేదం ఉంది. ప్రైవేటు బ్యాంకు యజమాని తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. బ్యాంకు పేరూ కుటుంబం పేరూ ఒకటే. ఎగుమతి వ్యాపారి హుండీ మీద ఆ బ్యాంకు సంతకం ఉంటే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఆ కాగితానికి డబ్బు పుడుతుంది. ఈ బ్యాంకుల అసలైన పెట్టుబడి ఆ సంతకం విలువే.

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి సంఘంలో ఉండే పలుకుబడి, రెండవది అప్పు పుట్టే యోగ్యత. సహకార పరపతి సంఘం అన్నప్పుడు రెండవ అర్థం, పరపతి గల మనిషి అన్నప్పుడు మొదటి అర్థం ప్రధానం. రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటంలో ఒక సామాజిక సత్యం ఉంది. పలుకుబడి పోయినవానికి అప్పు పుట్టదు, అప్పు పుట్టనివానికి పలుకుబడి నిలవదు. పరపతికి మరొక లక్షణం కూడా ఉంది. అది ఇతరుల మనస్సులలో ఉండే ఆస్తి. దానిని పెట్టెలో పెట్టి ఊరు దాటించడం సాధ్యం కాదు.

1867లో జన్మించిన మాక్స్ వార్బుర్గ్ కాలానికి ఈ కుటుంబ పరపతి ఉచ్చస్థితికి చేరింది. తమ్ముళ్లలో పాల్ అమెరికా వెళ్లి అక్కడి ఫెడరల్ రిజర్వ్ వ్యవస్థ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించాడు. ఫెలిక్స్ న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. ఫ్రిట్స్ హాంబుర్గ్‌లోనే భాగస్వామిగా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం వెర్సాయ్ సంధి చర్చలకు వెళ్లిన జర్మన్ ఆర్థిక నిపుణులలో మాక్స్, ఆయన భాగస్వామి కార్ల్ మెల్కియోర్ ఉన్నారు. 1924 నుంచి రైహ్స్‌బ్యాంకు సాధారణ మండలిలో మాక్స్ సభ్యుడు. 1931 జులైలో జర్మనీ బ్యాంకింగ్ వ్యవస్థ కుప్పకూలినప్పుడు హాంబుర్గ్ బ్యాంకు కూడా కష్టాలలో పడింది. అమెరికాలోని సోదరుల ధనసహాయంతో అది నిలదొక్కుకొన్నది. అంటే నియంతృత్వం రాకముందే ఆ ఇంటి పునాది కొంత కదిలింది. అయినా పేరు చెదరలేదు.

సంతకం, గ్రంథాలయం

1933 జనవరి 30న హిట్లర్ ప్రధాని అయ్యాడు. ఆ సంవత్సరం మార్చి 17న హ్యాల్మర్ షాఖ్ట్‌ను రైహ్స్‌బ్యాంకు అధ్యక్షునిగా నియమించిన పత్రం మీద హిండెన్‌బుర్గ్, హిట్లర్ సంతకాలతో పాటు సాధారణ మండలి సభ్యులు ఎనిమిదిమంది సంతకాలు కూడా ఉన్నాయి. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు యూదులు, వారిలో మాక్స్ ఒకడు. తరువాతి కాలంలో చరిత్రకారులు ఈ సంతకాన్ని పదేపదే ప్రస్తావించారు. ఆనాటికి అది అసాధారణమైన చర్య కాదు. షాఖ్ట్ పాత పరిచితుడు, ఆర్థిక వ్యవహారాలు తెలిసినవాడు. అతడు పదవిలో ఉంటే పాలన అదుపు తప్పదని ఎందరో భావించారు. ఈ పాలన ఎక్కువ కాలం నిలవదని నమ్మినవారిలో మాక్స్ కూడా ఉన్నాడు. సుమారు రెండు వారాల తరువాత, ఏప్రిల్ 1న, దేశమంతటా యూదుల దుకాణాల బహిష్కరణ జరిగింది. ఆ సంవత్సరంలోనే సాధారణ మండలిలో స్థానం పోయింది. అనేక సంస్థల పాలకమండళ్ల నుంచి కూడా మాక్స్ తప్పుకోవలసి వచ్చింది.

అదే సంవత్సరం డిసెంబరులో అదే నగరం నుంచి, అదే కుటుంబానికి చెందిన మరొక సంపద ఓడలెక్కింది. అన్నదమ్ములలో పెద్దవాడైన ఆబీ వార్బుర్గ్ కళాచరిత్రకారుడు. పదమూడేళ్ల వయసులో తన జ్యేష్ఠాధికారాన్ని మాక్స్‌కు వదులుకొని, దానికి బదులుగా తాను కోరిన పుస్తకాలన్నీ కొనిపెట్టాలని మాట తీసుకొన్నాడన్నది ఆ కుటుంబంలో ప్రసిద్ధమైన కథ. ఆ మాట ప్రకారం పెరిగిన గ్రంథాలయం, 1929లో ఆబీ మరణించేనాటికి సాంస్కృతిక చరిత్రకు యూరప్‌లోనే ఒక విశిష్ట కేంద్రం. ఫ్రిట్స్ సాక్స్ల్ నాయకత్వంలో సుమారు 60,000 గ్రంథాలు లండన్ చేరాయి. కాగితం మీద అది మూడేళ్ల అరువు. ఆచరణలో అది శాశ్వత నిష్క్రమణ. 1944లో ఆ గ్రంథాలయం లండన్ విశ్వవిద్యాలయంలో భాగమయింది.

ఆ విధంగా అన్న పుస్తకాలు వెళ్లిపోగా తమ్ముని బ్యాంకు మిగిలింది. ఈ భేదాన్ని దూరదృష్టికీ భ్రమకూ ఉన్న భేదంగా మాత్రమే చూస్తే విచారణ తేలికవుతుంది. పుస్తకం విలువ చాలావరకు దానిలోనే ఉంటుంది. హాంబుర్గ్‌లో తెరిచినా లండన్‌లో తెరిచినా అది అదే పుస్తకం. బ్యాంకు విలువ ఊరిలోని వర్తకుల నమ్మకంలో, రేవులోని సరుకులో, ఇచ్చిన అప్పులలో, దాచిన సొమ్ములో ఉంటుంది. పైగా గ్రంథాలయానికి బాకీదారులూ లేరు, దాచుకొన్నవారూ లేరు. బ్యాంకు తలుపులు మూసిన మరునాడు, దేశం విడిచిపోలేని వారి సొమ్ము ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న వస్తుంది. కుటుంబంలోని మరొక శాఖకు చెందిన యువకుడు సీగ్‌మండ్ వార్బుర్గ్ 1934లో లండన్ వెళ్లి, తరువాత అక్కడ కొత్త బ్యాంకును నిర్మించగలిగాడు. ఆయన నిర్ణయం వివేకవంతమైనదే. కాని ఆయన మీద ఉన్న భారం తన జీవితభారం. మాక్స్ మీద ఉన్నది పరుల భారం కూడా. కాబట్టి ఉండిపోవడం దానంతట అదే తప్పు కాదు. ఎవరి కోసం ఉన్నాడు అన్నదే పరీక్షించవలసిన విషయం.

నమ్మకపు చేయి

ఆధునిక బ్యాంకులో వేసిన సొమ్ము నిక్షేపం కాదు, ఋణం అన్న ఆక్షేపణ ఇక్కడ రావచ్చు. ఆక్షేపణ సమంజసమే. ఖాతాలో వేసిన ధనానికి బ్యాంకే యజమాని అవుతుంది, ఖాతాదారు అప్పు ఇచ్చినవాడవుతాడు. శాస్త్రపరిభాషలో అది ఋణాదానం కిందికి వస్తుంది. కాని 1933 తరువాత ఈ బ్యాంకు నిర్వహించిన ఒక ముఖ్యకార్యం అచ్చమైన నిక్షేపానికి దగ్గరగా ఉంది.

జర్మనీ విడిచిపోయేవారి మీద ‘పలాయన పన్ను’ 1931 డిసెంబరులోనే, అంటే నాజీలకు ముందే విధించబడింది. పెట్టుబడి తరలిపోకుండా ఆపడం దాని ఉద్దేశం. ఆస్తి 2,00,000 మార్కులు దాటిన వారు నాలుగో వంతు చెల్లించాలి. 1934లో ఆ పరిమితిని 50,000కు తగ్గించడంతో అది యూదుల మీద పడే పన్నుగా మారింది. మిగిలిన ధనం స్తంభింపజేసిన ఖాతాలోకి వెళ్తుంది. దానిని విదేశీ ద్రవ్యంగా మార్చుకోవాలంటే ప్రభుత్వ సంస్థకు కోత చెల్లించాలి. ఆ కోత 1934 జనవరిలో 20 శాతం, 1936 అక్టోబరులో 81 శాతం, 1938 జూన్‌లో 90 శాతం, 1939 సెప్టెంబరులో 96 శాతం. అపహరణ ఒక్కరాత్రిలో జరగలేదు. అంకెలు వేసి, తేదీలు ప్రకటించి, రసీదులు ఇచ్చి జరిగింది. స్మృతికారులు చెప్పిన తస్కరుడు రసీదు ఇవ్వడు.

ఈ కోతను తప్పించే దారి ఒకటి 1933 ఆగస్టులో కుదిరింది. జర్మన్ ఆర్థిక మంత్రిత్వ శాఖకూ, జియోనిస్టు సంస్థలకూ, ఆంగ్లో–పాలస్తీనా బ్యాంకుకూ మధ్య జరిగిన ఆ ఒప్పందానికి హావారా అని పేరు. హీబ్రూలో ఆ మాటకు బదిలీ అని అర్థం. దాని నిర్వహణకు బెర్లిన్‌లో ఏర్పడిన పాల్ట్రాయ్ అనే సంస్థలో వార్బుర్గ్ బ్యాంకు, ఎ. ఇ. వాసర్‌మన్ బ్యాంకు భాగస్వాములు. పాల్ట్రాయ్ అన్న పేరులో ‘ట్రాయ్‌హాండ్’ అనే జర్మన్ మాట ఉంది. విడదీసి చూస్తే అది నమ్మకపు చేయి, న్యాసం. వలసపోయేవాడు తన మార్కులను ఈ సంస్థలో జమచేస్తాడు. ఆ మార్కులతో జర్మన్ సరుకులు కొని పాలస్తీనాకు పంపుతారు. అక్కడ వాటిని అమ్మగా వచ్చిన పౌండ్లు వలస వచ్చినవానికి అందుతాయి. సొంత పెట్టుబడి గలవారిగా పాలస్తీనాలో ప్రవేశించడానికి బ్రిటిష్ ప్రభుత్వం కోరిన 1,000 పౌండ్లు ఈ మార్గంలో సమకూరేవి. 1939లో యుద్ధం మొదలయ్యేవరకు 10 కోట్ల మార్కులకు మించిన ధనం ఇలా బదిలీ అయింది. ఆ సంవత్సరాలలో 50,000 మందికి పైగా జర్మనీ యూదులు పాలస్తీనా చేరారు. వారందరూ ఈ పథకం వల్లనే బయటపడ్డారనలేము. కాని ఈ దారి లేకపోతే ఎందరికో ప్రవేశపత్రం దొరికేది కాదన్నది నిజం.

ఇదే పథకానికి రెండవ ముఖం ఉంది. జర్మన్ సరుకులను కొనవద్దని ప్రపంచమంతటా యూదు సంఘాలు బహిష్కరణోద్యమం నడుపుతున్న రోజులవి. హావారా ఆ సరుకులకు కొత్త విపణి తెరిచింది. బాధితుల సొమ్ముతోనే బాధకుని ఎగుమతులు పెరిగాయి. అంతేకాక బ్యాంకు తన ఖాతాదారుల విషయంలో ప్రభుత్వ నియమాలను అమలు చేయవలసి వచ్చింది. పన్ను చెల్లించినట్లు రుజువు అడగడం, ఖాతా స్తంభింపజేయడం, కోత లెక్కకట్టడం అన్నీ బ్యాంకు గుమాస్తాల పనులే. న్యాసధారి అపహర్తకు లెక్కలు రాసిపెట్టే స్థితికి వచ్చాడు. ఈ రెండు ముఖాలలో ఒకదానిని దాచి రెండవదానితో తీర్పు చెప్పడం చరిత్రకూ న్యాయం కాదు, ధర్మవిచారానికీ న్యాయం కాదు.

ఎలుక పళ్లలోని తాడు

ఇటువంటి సందర్భాల కోసమే మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మాన్ని ప్రత్యేకంగా చర్చించింది. తిక్కన తెనిగించిన పర్వాలలో అది ఒకటి కాబట్టి ఆ చర్చ తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. శత్రువుల నడుమ చిక్కినవాడు ఎలా బతకాలని ధర్మరాజు అడిగినప్పుడు భీష్ముడు పలితుడనే ఎలుక కథ చెబుతాడు. మర్రిచెట్టు మీద ఉండే పిల్లి వేటగాని వలలో చిక్కుతుంది. మేతకు వచ్చిన ఎలుకకు నేల మీద ముంగిస, కొమ్మ మీద గుడ్లగూబ కనిపిస్తాయి. ఎలుక పిల్లితో సంధి చేసుకొని దాని ఒడిలో చేరుతుంది. ముంగిసా గుడ్లగూబా ఆశ వదులుకొని వెళ్లిపోతాయి. తాళ్లు త్వరగా కొరకమని పిల్లి తొందరపెడుతుంది. వేటగాడు కనుచూపు మేరకు వచ్చేవరకు ఎలుక చివరి తాడు కొరకదు. కొరికిన వెంటనే కలుగులో దూరుతుంది. స్నేహం కొనసాగిద్దామని తరువాత పిల్లి ఎంత బతిమాలినా బయటికి రాదు.

శత్రువుతో సంధి చేసుకోవచ్చునన్న అనుమతిని మాత్రమే ఈ కథ నుంచి గ్రహిస్తే సగం మాత్రమే గ్రహించినట్లు. సంధి నిలిచిన కాలమంతా తాడు ఎలుక పళ్లలో ఉంది. పిల్లి అవసరం ఎలుక చేతిలో ఉన్నంతవరకే సంధికి అర్థం. అవసరం తీరిన క్షణాన్ని ఎలుక ముందుగానే లెక్క కట్టుకొంది. ఆపద్ధర్మానికి రెండు కొలతలు ఈ కథలో లభిస్తున్నాయి. మొదటిది, సంధిలో పట్టు ఎవరిది? రెండవది, సంధికి చివరి గడియ ఎవరు నిర్ణయిస్తారు?

ఈ కొలతలతో చూస్తే 1933–1938 సంవత్సరాలు ఒకే కాలంగా కనిపించవు. తొలి ఏళ్లలో పాలనకు విదేశీ మారకద్రవ్యం కొరత తీవ్రంగా ఉంది. న్యూయార్క్, లండన్ నగరాలలో పరపతి గల హాంబుర్గ్ బ్యాంకు వారికి అవసరం. షాఖ్ట్ కొంత రక్షణ ఇవ్వడానికి కారణం ఆ అవసరమే. అప్పటికి తాడు కొంతైనా మాక్స్ చేతిలో ఉంది. కాని విదేశీ వాణిజ్యం ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లేకొద్దీ, ఆయుధ పరిశ్రమ ఆర్థిక వ్యవస్థను మింగేకొద్దీ ఆ అవసరం సన్నగిల్లింది. 1937 నవంబరులో షాఖ్ట్ ఆర్థిక మంత్రి పదవి నుంచి వైదొలగాడు. తరువాత ప్రభుత్వ రుణపత్రాలు విక్రయించే బ్యాంకుల కూటమిలో వార్బుర్గ్ స్థానం పోయింది. ఆ కూటమిలో స్థానం లాభం కోసం కంటె గౌరవం కోసం విలువైనది. అది పోవడమంటే పరపతి పోవడమే. ఈ దశకు వచ్చేసరికి తాళ్లు ఒక్కొక్కటిగా కొరికినది పిల్లి, కొరకవలసిన క్షణాన్ని నిర్ణయించినదీ పిల్లే.

హన్నా అరెంట్ 1964లో నియంతృత్వంలో వ్యక్తిగత బాధ్యతను గురించి రాసిన వ్యాసంలో ‘తక్కువ చెడు’ వాదాన్ని తీవ్రంగా విమర్శించింది. తక్కువ చెడును ఎంచుకొన్నవారు తాము ఎంచుకొన్నది చెడునేనన్న సంగతి త్వరలోనే మరచిపోతారన్నది ఆమె వాదసారం. ఆమె విమర్శకు ప్రధాన లక్ష్యం పాలనలో పదవులు వహించినవారు. హింసకు గురవుతూ తోటివారిని దాటించే ప్రయత్నంలో ఉన్నవారికి దానిని యథాతథంగా అన్వయించడం సరికాదు. జర్మనీ యూదుల సహాయ సంఘానికి నాయకత్వం వహించి, వలసకు మార్గాలు వెతికిన మాక్స్ తాను ఉన్నది చెడులోనన్న సంగతి మరచిపోయాడనడానికి ఆధారం లేదు. ఆయన విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు. ‘ఇల్లు నిలవాలి’, ‘మనుషులు దాటాలి’ అనే రెండు లక్ష్యాలు ఒకటేనని ఆయన ఎంతకాలం నమ్మాడు? బ్యాంకు తెరిచి ఉన్నదన్న సంగతే ఒక సందేశం. వార్బుర్గే ఉన్నాడు కదా అని ఊరిలో ధైర్యం చెప్పుకొన్నవారు ఉండి ఉంటారు. ఆ ధైర్యం కొందరి ప్రయాణాన్ని ఒక్క ఏడాది ఆలస్యం చేసి ఉంటే, ఆ ఏడాదిలో కోత ఎంత పెరిగిందో పై అంకెలు చెబుతున్నాయి. పరపతి ఇతరుల మనస్సులో ఉండే ఆస్తి కావడం వల్ల దాని యజమాని దాని ఫలితాలను పూర్తిగా అదుపు చేయలేడు. అయినా వాటి బాధ్యత నుంచి పూర్తిగా తప్పుకోనూ లేడు.

అస్వామివిక్రయం

1938 ఏప్రిల్ 26న వెలువడిన ఉత్తర్వు ప్రకారం 5,000 మార్కులకు మించిన ఆస్తి గల యూదులందరూ ఆ వివరాలు నమోదు చేయించాలి. మే నెలలో వార్బుర్గ్ బ్యాంకు చేతులు మారింది. కుటుంబ సభ్యులు భాగస్వామ్యం నుంచి తొలగిపోయారు. రుడోల్ఫ్ బ్రింక్‌మన్, పాల్ విర్ట్స్ బాధ్యతాయుత భాగస్వాములయ్యారు. బ్రింక్‌మన్ ఆ బ్యాంకులోనే ఎదిగిన ఉన్నతోద్యోగి, విర్ట్స్ హాంబుర్గ్ వర్తకుడు. ఇద్దరినీ ఎంచుకొన్నది మాక్సే. బయటివారి పాలు కాకుండా తెలిసినవారి చేతిలో పెడితే ఏదో ఒకనాడు తిరిగి తీసుకోవచ్చునన్న ఆశ ఆ ఎంపికలో ఉంది. ఎం. ఎం. వార్బుర్గ్ అనే పేరు కూడా అప్పటికి కొనసాగింది.

ఆ ఏడాది ఇతర కుటుంబ బ్యాంకుల గతి కూడా ఇంచుమించు ఇదే. 1795లో ఏర్పడిన బెర్లిన్ మెండెల్సోన్ బ్యాంకు వ్యాపారం డాయిష్ బ్యాంకులో కలిసిపోయింది. కొలోన్‌లోని ఓపెన్‌హైమ్ బ్యాంకు రాబర్ట్ ఫెర్డ్‌మెంగెస్ పేరు తగిలించుకొని బతికింది. వియన్నాలో లూయీ రోత్‌షీల్డ్ సుమారు ఏడాది నిర్బంధంలో ఉండి, ఆస్తులు రాసి ఇచ్చిన తరువాతే విడుదలయ్యాడు. ఆయన బ్యాంకు మ్యూనిక్‌లోని మెర్క్ ఫింక్ బ్యాంకు చేతికి వెళ్లింది. అక్కడ బలాత్కారం బాహాటంగా ఉంది. హాంబుర్గ్‌లో అది సంప్రదింపుల రూపంలో ఉంది. రెండుచోట్లా చివరికి పత్రం ఉంది, సంతకం ఉంది.

ఈ సంతకాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అస్వామివిక్రయ ప్రకరణం సొంతదారు కానివాడు అమ్మిన సందర్భాన్ని చర్చిస్తుంది. ఇక్కడ అమ్మినవాడు సొంతదారే. కాని అమ్మకపోయే స్వాతంత్ర్యం అతనికి లేదు. వద్దనే వీలు లేనివాని ఔను సమ్మతి కాదు. ఆ దృష్టితో చూస్తే నిజమైన విక్రేత రాజ్యం, సొంతదారు దాని చేతిలోని కలం మాత్రమే. రూపంలో స్వామివిక్రయం, స్వభావంలో అస్వామివిక్రయం. అస్వామి నుంచి కొన్న సొమ్ము మీద అసలు సొంతదారు హక్కు నశించదన్నది శాస్త్రసమ్మతం. బహిరంగంగా కాక రహస్యంగా కొన్నవాడు, తగిన ధరకు తక్కువగా కొన్నవాడు దోషి అని యాజ్ఞవల్క్యుడు సూచించాడు. 1938లో కొన్నవారందరూ బహిరంగంగానే, ప్రభుత్వ ఆమోదంతోనే కొన్నారు. అయినా ధర వారిని పట్టిస్తుంది.

మాక్స్ అదే సంవత్సరం అమెరికా వెళ్లాడు. నవంబరు 9, 10 తేదీల విధ్వంసం తరువాత తిరిగి రాలేదు. యూదుల మీద 100 కోట్ల మార్కుల ‘ప్రాయశ్చిత్త’ దండుగ పడింది. డిసెంబరు 3 ఉత్తర్వుతో మిగిలిన వ్యాపారాల నిర్బంధ విక్రయానికి చట్టం ఏర్పడింది. 1941లో బ్యాంకు ద్వారం మీద వార్బుర్గ్ పేరు తొలగి, బ్రింక్‌మన్, విర్ట్స్ అండ్ కో అనే పేరు వచ్చింది. 1946లో మాక్స్ న్యూయార్క్‌లో మరణించాడు.

పేరు తిరిగి రావడం

మాక్స్ కుమారుడు ఎరిక్ యుద్ధకాలంలో అమెరికన్ సైన్యంలో పనిచేసి, 1956లో హాంబుర్గ్ బ్యాంకులో భాగస్వామిగా తిరిగి చేరాడు. కాని పేరు వెంటనే రాలేదు. తాను కాపాడిన సంస్థ తనదేనన్న భావం బ్రింక్‌మన్‌కు బలపడింది. 1970లో పాత పేరు కొత్త పేరుకు ముందు చేరింది. 1991లో మాత్రమే ఎం. ఎం. వార్బుర్గ్ అండ్ కో అనే పేరు ఒంటరిగా తిరిగి నిలిచింది. అంటే అపహరణకు మూడేళ్లు చాలితే, పేరును మళ్లీ నిలబెట్టడానికి యుద్ధానంతరం నలభై ఆరేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక వ్యత్యాసం స్పష్టమవుతుంది. దాచమని ఇచ్చిన ఇంటిని బ్రింక్‌మన్ కాపాడాడు. ఆ మేరకు ఆయన న్యాసధారి. అడిగినప్పుడు పూర్తిగా తిరిగి ఇవ్వడానికి వెనుకాడాడు. ఆ మేరకు స్మృతి చెప్పిన షరతు ఆయనకు వర్తిస్తుంది. కాపాడటం ఒక హక్కును పుట్టిస్తుందన్న భ్రమ న్యాసధారికి సహజమైన ప్రలోభం. తెలుగులో ఆలయపు ఆస్తిని చూసేవానిని ధర్మకర్త అంటారు. యజమాని అనరు. ఆ మాటలోని నిగ్రహం ఆలోచించదగినది. ఆస్తి అతని చేతిలో ఉంటుంది, అతనికి మిగిలేది ధర్మం మాత్రమే.

అదే షరతు మాక్స్‌కు ఎలా వర్తిస్తుంది? వెళ్లిపోతామని అడిగినవారికి దారి చూపడంలో ఆయన బ్యాంకు వెనుకాడలేదు. రాజు దోచినదానికి ఆయన బాధ్యుడు కాడు. ఈ మేరకు స్మృతి ఇచ్చిన మినహాయింపు ఆయనకు పూర్తిగా చెందుతుంది. అయితే ఆ విధి రాసినవారు, సొంతదారుకు ఎప్పుడు అడగాలో తెలుసునని భావించారు. నియంతృత్వంలో అది తెలియదు. రేపటి కోత ఎంతో ఖాతాదారుకు తెలియదు. కొంతైనా ముందుగా ఊహించగలిగినవాడు, షాఖ్ట్‌తో మాట్లాడగలిగినవాడు, అంతర్జాతీయ విపణి నాడి తెలిసినవాడు న్యాసధారే. అటువంటప్పుడు అడిగితే ఇవ్వడం మాత్రమే చాలదు. అడగవలసిన వేళ వచ్చిందని చెప్పడం కూడా న్యాసధర్మంలో భాగం కావాలి. రాజు అపహర్తగా మారిన కాలానికి యాజ్ఞవల్క్యుని విధిని అన్వయించేటప్పుడు చేర్చవలసిన అంశం ఇదే.

ఈ కొలతతో మాక్స్ వార్బుర్గ్‌ను దోషిగా తేల్చడం ఈ విచారణ ఉద్దేశం కాదు. 1933లో 1938 కనిపించదు, 1938లో 1942 కనిపించదు. తరువాతి తరం తనకు తెలిసినదానితో ఆనాటివారి కళ్లకు శిక్ష విధించకూడదు. కాని ఆయన చేతిలో తాడు ఉన్న కాలానికీ, తాడు జారిపోయిన కాలానికీ మధ్య ఒక గీత ఉంది. ఆ గీతకు ఈవల ఇంటిని నిలపడమూ మనుషులను దాటించడమూ ఒకే పని. ఆవల అవి రెండు పనులు. ఆ గీతను గుర్తించడం ఆయనకు ఆలస్యమయిందని, ఆ ఆలస్యానికి మూలం లోభం కాక వంశగౌరవం మీది ప్రేమ అని ఆ చరిత్ర సూచిస్తోంది. గౌరవనీయమైన ప్రేమే న్యాసధారి చూపును కప్పగలదు. మూడేళ్ల అరువు అని కాగితం మీద రాసి పుస్తకాలను ఓడ ఎక్కించినవారు హాంబుర్గ్‌లోని తమ భవనాన్ని కోల్పోయారు. ఆ పుస్తకాలను చదవవలసినవారికి మాత్రం అవి దక్కాయి.